తాబేలుకు చీకటి కావాలి: విశాఖ వచ్చే పిల్లలకు ఉత్తరం

విశాఖపట్నం

చిరంజీవులైన పిల్లలందరికీ ఆశీస్సులు.

పరీక్షలు కాగానే వస్తామని, కొత్త కెమెరా వెంట తెస్తామని, తాబేలు పిల్లలను ఫొటో తీయడం నేర్పమని మీరు రాసిన ఉత్తరం అందింది. మీ స్నేహితులు కూడా వస్తున్నారని చదివి చాలా సంతోషించాను. సరైన సమయానికే వస్తున్నారు. మన తీరానికి సంక్రాంతి వెళ్లినప్పటి నుంచి ఉగాది దాకా తల్లి తాబేళ్లు గుడ్లు పెట్టడానికి వస్తాయి. గుడ్లు పొదగడానికి 45 నుంచి 60 రోజులు పడుతుంది. మార్చి, ఏప్రిల్ నెలల్లో పిల్లలు బయటికి వస్తాయి.

కెమెరా ఎలా పట్టుకోవాలో చెప్పేముందు దాన్ని ఎప్పుడు సంచిలో పెట్టేయాలో చెబుతాను. ఫొటోకు వెలుతురు కావాలి, తాబేలుకు చీకటి కావాలి. ఈ రెండింటికీ పేచీ వచ్చినప్పుడు తాబేలు మాటే నెగ్గాలి.

మన దగ్గరికి వచ్చేవి ఎక్కువగా ఆలివ్ రిడ్లీ తాబేళ్లు. సముద్ర తాబేళ్లలో చిన్న జాతుల్లో ఇదొకటి అయినా డిప్ప రెండడుగుల పైనే ఉంటుంది, బరువు 35 నుంచి 50 కిలోల దాకా తూగుతుంది. పగలంతా తీరానికి దూరంగా ఉండి, రాత్రి ఇసుక మీదికి వస్తుంది. అలల తడి తగలనంత పైకి పాకి, వెనక కాళ్లతో గుంట తవ్వుతుంది. ఆ తవ్వడం చూసితీరాలి. ఒక కాలు మడిచి ఇసుకను దోసిట్లోకి తీసుకున్నట్టు తీసి పక్కన పెడుతుంది, తర్వాత రెండో కాలు దిగుతుంది. వెనక్కి తిరిగి చూడకుండానే మూతి ఇరుకుగా, అడుగు వెడల్పుగా కూజాలాంటి గుంట తయారు చేస్తుంది. లోతు సుమారు అడుగున్నర. అందులో వందకు అటూ ఇటూగా గుడ్లు పెట్టి, ఇసుక కప్పి, తన ఒంటి బరువుతో అటూ ఇటూ ఊగుతూ దాన్ని దిమ్మిస కొడుతుంది. దగ్గర్లో నిలబడితే ఆ దబదబ చప్పుడు మన కాళ్లకు తెలుస్తుంది. ఆ సమయంలో దాని కళ్ల నుంచి నీళ్లు కారుతుంటాయి. ఏడుస్తోందని చాలామంది అనుకుంటారు. ఒంట్లో చేరిన అధిక ఉప్పును కళ్ల దగ్గరి గ్రంథుల ద్వారా అది అలా బయటికి పంపిస్తుంది.

ఇదంతా ఫొటో తీయాలని మీకు ఉంటుంది. తీయకండి. ఒడ్డుకు వస్తున్న తల్లికి టార్చి వెలుగు తగిలినా, ఫ్లాష్ మెరిసినా, మనుషుల కదలిక కనిపించినా గుడ్లు పెట్టకుండానే వెనక్కి పోవచ్చు. ఫోను తెర వెలుగు కూడా తక్కువదేమీ కాదు. తాబేలు పిల్లల విషయంలో వెలుగు ఇంకా ప్రమాదం. మనుషుల దీపాలు లేని కాలంలో రాత్రిపూట తీరంలో అన్నిటికంటే వెలుగుగా ఉండేది సముద్రం వైపు ఆకాశమే. చీకటిగా ఉన్న చెట్లకు, ఇసుక తిన్నెలకు దూరంగా, వెలుగున్న వైపు పాకమని పిల్లల పుట్టుకలోనే ఉంది. ఇప్పుడు బీచ్ రోడ్డు దీపాలు, హోటళ్ల దీపాలు సముద్రం కంటే ఎక్కువ వెలుగుతున్నాయి. ఆ పిల్లలు రోడ్డు వైపు పాకి చక్రాల కింద పడతాయి, కుక్కల పాలవుతాయి, లేదా తెల్లారాక ఎండకు ఎండిపోతాయి. గుడ్లు పెట్టే నెలల్లో తీరం వైపు దీపాలను కిందికి వంచడం, కొన్నింటిని ఆర్పేయడం మన ఊరికి పెద్ద పని కాదని నేను గట్టిగా నమ్ముతాను.

ఇక మీరు చూడబోయే సంరక్షణ కేంద్రం సంగతి. ఆర్కే బీచ్, జోడుగుళ్లపాలెం, సాగర్‌నగర్ వైపు అటవీ శాఖ వాళ్లు ఈ కాలంలో వీటిని ఏర్పాటు చేస్తూ ఉంటారు. పెద్ద భవనం ఏదో ఉంటుందని ఊహించుకోకండి. ఇసుకలో కొంత మేర కంచె, లోపల వరసగా గుంటలు, ఒక్కోదాని దగ్గర ఒక చిన్న పలక, దాని మీద గుడ్లు తెచ్చిన తేదీ, వాటి సంఖ్య. అంతే. కానీ ఆ కంచె వెనక రాత్రంతా నడిచిన కాళ్లున్నాయి. కావలి కాసేవాళ్లలో జాలరి కుటుంబాల వాళ్లే ఎక్కువ. తల్లి ఒడ్డుకు పాకిన జాడ పట్టుకుని గుంటను వెతికి, కుక్కలూ నక్కలూ తవ్వకముందే గుడ్లు తెస్తారు. ఇందులో ఆలస్యం కూడదు. గుడ్డు పెట్టిన కొద్ది గంటల్లోనే లోపలి పిండం పెంకుకు పైభాగంలో అంటుకుంటుంది. ఆ తర్వాత గుడ్డును దొర్లిస్తే పిండం చచ్చిపోవచ్చు. అందుకే వాళ్లు ఒక్కో గుడ్డునూ తిప్పకుండా ఎత్తుతారు, తల్లి తవ్వినంత లోతులోనే మళ్లీ పూడుస్తారు.

గుంటలోని వేడిని బట్టే పుట్టేది ఆడో మగో తేలుతుంది. సుమారు 30 డిగ్రీలకు పైన ఉంటే ఆడవి ఎక్కువ, బాగా తగ్గితే మగవి ఎక్కువ. ఎండలు ఏటేటా ముదురుతున్న రోజుల్లో ఇది చిన్న విషయం కాదు. కొన్ని కేంద్రాల్లో గుంటల మీద నీడ కోసం వల కట్టేది ఇందుకే.

గుడ్డు పగిలిన వెంటనే పిల్ల బయటికి రాదు. అడుగున్నర ఇసుక కింద వంద పిల్లలు కలిసి కదులుతాయి. పైనున్నవి ఇసుకను రాలుస్తాయి, కిందున్నవి దాన్ని తొక్కుతాయి, గుంట నేల కొంచెం కొంచెంగా పైకి లేస్తుంది. మూడు నాలుగు రోజుల ఈ శ్రమ తర్వాత పైపొరకు చేరి, ఇసుక వేడిగా ఉన్నంతసేపూ కదలకుండా ఆగి, చల్లబడగానే ఒక్కుమ్మడిగా బయటపడతాయి. ముందు ఇసుక మీద చిన్న సొట్ట కనిపిస్తుంది, తర్వాత అందులో నుంచి ఒక నల్లని ముక్కు. కేంద్రం వాళ్లు ఆ సొట్ట కోసమే చూస్తుంటారు.

పిల్లలను సాధారణంగా తెల్లవారుజామునో సాయంత్రమో వదులుతారు. నీళ్లలో విడిచిపెట్టకుండా కొంత దూరం ఇసుక మీద నడవనిస్తారు. పుట్టిన తీరాన్ని గుర్తుపెట్టుకోవడానికి ఈ నడక తోడ్పడుతుందని చాలామంది శాస్త్రజ్ఞుల అభిప్రాయం. నీళ్లలో పడ్డాక పిల్ల గుడ్డులో నుంచి తెచ్చుకున్న సొన బలంతోనే దాదాపు రోజంతా ఆగకుండా ఈదుతుంది. వెయ్యి పిల్లల్లో ఒకటి పెద్దదైతే గొప్ప అంటారు.

మీ కెమెరాకు అసలు పని తెల్లవారాకే. ఫ్లాష్ ఆపేసి ఉందో లేదో ఇంటి దగ్గరే చూసుకోండి, ఒడ్డుకు వెళ్లాక వెతుక్కోవద్దు. పిల్ల పొడవు నాలుగు సెంటీమీటర్లు. నిలబడి తీస్తే ఇసుకలో నల్లని చుక్కలా కనిపిస్తుంది, కాబట్టి మోచేతులు ఇసుకకు ఆనించి పడుకోండి. షటర్ వేగం సెకనులో వెయ్యో వంతు పెట్టుకుంటే తెడ్డు కాళ్ల కదలిక చెదరకుండా వస్తుంది. వెలుతురు చాలకపోతే వేగం తగ్గించండి, కాళ్లు కొంచెం చెదిరినా ఫరవాలేదు. దృష్టి కంటి మీద నిలపండి.

మన దగ్గర సూర్యుడు సముద్రంలో నుంచే లేస్తాడు. పిల్ల వెనక నుంచి, కొంచెం పక్కగా తీస్తే వెలుగు ఎదురుగా వచ్చి డిప్ప అంచులు బంగారు గీతలా మెరుస్తాయి. ముఖం కోసం దానికీ సముద్రానికీ మధ్యకు మాత్రం వెళ్లకండి. అది నడిచే దారికి అడ్డుపడిన ఏ ఫొటో కూడా నాకు చూపించవద్దు. మీరు నడిచిన అడుగు గుంటలు కూడా పిల్లకు లోయలే, అందులో పడితే ఎక్కలేక అలిసిపోతుంది. అందుకే అందరూ ఒకే వరసలో, కేంద్రం వాళ్లు చూపిన చోట నడవండి. చేతిలో పెట్టుకుని ఫొటో దిగడం అసలే వద్దు. ఆలివ్ రిడ్లీ 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలో మొదటి షెడ్యూలులో ఉంది. దాన్ని గానీ గుడ్లను గానీ పట్టుకోవడం, దగ్గర పెట్టుకోవడం నేరం. గుంటలు ఎక్కడున్నాయో తెలిసేలా ఫొటోలను నలుగురికీ పంపకండి.

తెల్లవారుజామున తీయదగ్గది ఇంకొకటుంది. తల్లి పాకిన జాడ. రెండున్నర అడుగుల వెడల్పున, ఎడమ కాలు ఒకసారి, కుడి కాలు ఒకసారి పడ్డ గుర్తులు ఒకదానికొకటి ఎదురుగా కాకుండా వంతులవారీగా ఉంటాయి. పచ్చ తాబేలు అనే మరో సముద్ర జాతి రెండు కాళ్లూ ఒకేసారి వేస్తుంది కాబట్టి దాని గుర్తులు జంటలుగా పడతాయి. ఎండ ఏటవాలుగా ఉన్నప్పుడు ఆ గుర్తుల్లో నీడ నిండి స్పష్టంగా కనిపిస్తాయి. గంట గడిస్తే గాలి చెరిపేస్తుంది.

చచ్చి ఒడ్డుకు కొట్టుకొచ్చిన తాబేళ్లు కూడా మీకు కనిపించవచ్చు. ముఖం తిప్పుకోకండి. దాన్ని తాకకుండా, సరిగ్గా పైనుంచి డిప్ప మొత్తం వచ్చేలా ఒక ఫొటో, తల పక్క నుంచి ఒకటి తీయండి. పక్కన ఒక పెన్ను పెడితే కొలత తెలుస్తుంది. ఆ ఫొటోలో డిప్ప మధ్య వరసకు రెండు పక్కలా ఉన్న పలకలు లెక్కపెట్టండి. ఒక్కో పక్క నాలుగుంటే పచ్చ తాబేలో గద్దముక్కు తాబేలో కావచ్చు. ఆరు, ఏడు, అంతకంటే ఎక్కువ ఉంటే ఆలివ్ రిడ్లీ. ఎడమ పక్క ఆరు, కుడి పక్క ఏడు ఉన్నవీ కనిపిస్తాయి. తేదీ, సమయం, చోటు రాసి అటవీ శాఖ వాళ్లకు ఇస్తే మీ ఫొటో రికార్డుకెక్కుతుంది. కాలికి లోహపు బిళ్ల ఉంటే దాని మీది అంకెలు చదవగలిగేలా తీయండి. 2021లో ఒడిశాలో బిళ్ల తగిలించిన ఒక తాబేలు 2025 జనవరిలో దేశానికి అవతలి వైపున, మహారాష్ట్రలోని గుహాగర్ తీరంలో గుడ్లు పెడుతూ కనిపించింది. ఎవరో ఆ అంకెలు చదివారు కాబట్టే ఆ సంగతి లోకానికి తెలిసింది.

అవి ఎందుకు చస్తున్నాయని మీరు అడుగుతారు. తాబేలు మనలాగే గాలి పీల్చే ప్రాణి. ట్రాలర్ (వలను నీళ్లలో ఈడ్చుకుపోయే మరపడవ) వల గంటల తరబడి నీళ్లలో ఉంటే అందులో చిక్కినది పైకి రాలేక ఊపిరాడక పోతుంది. 2025 జనవరిలో చెన్నై వైపు తీరానికి ఇలా వందల్లో కొట్టుకొచ్చాయి. వలలో అమర్చే ఒక ఇనుప కమ్మీల చట్రం ఉంది. రొయ్యలు కమ్మీల సందుల్లో నుంచి లోపలికి పోతాయి, తాబేలు కమ్మీలకు తగిలి పక్కనున్న దారిలో బయటపడుతుంది. కొచ్చిలోని కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థ మన వలలకు సరిపోయేలా దాన్ని తయారు చేసింది. చేపలూ పోతాయన్న భయంతో వాడకం పెరగలేదు. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు మరపడవల వేట ఆగుతుంది, కానీ తల్లులు వచ్చే నెలలు అప్పటికే గడిచిపోతాయి. ఆ నెలల్లోనూ ఒడ్డుకు దగ్గరలో ట్రాలింగ్ ఆపి, అందుకు జాలర్లకు నష్టపరిహారం ఇవ్వాలన్నది నా మాట. వాళ్లను దోషులుగా చూడకండి. వలలో పడి సొమ్మసిల్లిన తాబేలును పొట్ట కిందికి ఉండేలా పెట్టి, వెనక భాగాన్ని కొంచెం ఎత్తులో పెట్టి, నీళ్లు కారిపోయేదాకా నీడలో తడిగా ఉంచితే చాలాసార్లు తేరుకుంటుంది. ఆ పని చేయగలిగేది పడవలో ఉన్నవాళ్లే.

ప్రాణంతో ఒడ్డున పడి ఉన్నది మీకు కనిపిస్తే బలవంతంగా నీళ్లలోకి నెట్టకండి. నీరసించో గాయపడో వచ్చి ఉంటుంది. ముక్కు రంధ్రాలు మూయకుండా డిప్ప మీద తడి గుడ్డ వేసి, కుక్కలను, జనాన్ని దూరంగా ఉంచి అటవీ శాఖకు చెప్పండి. అలాగే చెరువు తాబేలునో నేల తాబేలునో దయతో సముద్రంలో వదిలేవాళ్లున్నారు. అది చచ్చిపోతుంది. గోళ్లున్న వేళ్లు ఉంటే మంచినీటిదో నేలదో, తెడ్లలాంటి కాళ్లుండి తల డిప్పలోకి ముడుచుకోలేకపోతే సముద్రానిది. శ్రీకూర్మం గుడిలో మీరు చూసిన నక్షత్ర తాబేళ్లు నేలవే.

మిగతా రోజుల్లో చూడడానికి చాలా ఉంది. పౌర్ణమికో అమావాస్యకో ఆటు బాగా తీసినప్పుడు రుషికొండ, తొట్లకొండ దగ్గర రాళ్ల మధ్య గుంటల్లో ఖాళీ శంఖంలో కాపురం పెట్టిన పీతలు, పువ్వుల్లా విచ్చుకున్న సముద్ర జీవులు కనిపిస్తాయి. రాళ్లు తిరగేయకండి, శంఖాలు ఏరుకోకండి, అవి ఆ పీతలకు ఇళ్లు. ఫిషింగ్ హార్బర్ మీద గరుడ పక్షులు తిరుగుతుంటాయి, ఎగిరే పక్షిని తీయడం వాటితో నేర్చుకోవచ్చు. కంబాలకొండ అడవిలో ఉదయం నడుద్దాం. ఓపిక ఉంటే కొండకర్ల ఆవ అనే మంచినీటి సరస్సుకు ఒక రోజు వెళ్లి దోనెలో కూర్చుని నీటికోళ్లను చూద్దాం.

ముదురు రంగు బట్టలు, టోపీ, లెన్సు మీది ఉప్పు తుడవడానికి మెత్తని గుడ్డ, ఒక నోటుపుస్తకం తెచ్చుకోండి. రైలు టికెట్లు దొరకగానే తేదీ రాయండి. ఆ రోజులకు దగ్గరగా పిల్లలు రావాల్సిన గుంటలు ఏవైనా ఉన్నాయేమో కేంద్రంలో ముందే అడిగి ఉంచుతాను.

ఇట్లు,
మీ తాతయ్య