పాత హాలీవుడ్ చారిత్రక చిత్రాల్లో నటన: అపోహలు, వాస్తవాలు

పరభాషా చిత్రాలకు తెలుగులో డబ్బింగ్ చెప్పించడం నా వృత్తి కాబట్టి, నటుడి ముఖం కంటే ముందు గొంతును పట్టించుకోవడం నాకు అలవాటు. పాత హాలీవుడ్ చారిత్రక సాహస చిత్రాల్లో నటన ఒక సన్నివేశంలో నిలబడి మరుసటి సన్నివేశంలో తేలిపోవడానికి కారణం చాలాసార్లు నాకు గొంతులోనే దొరికింది.

అపోహ: కత్తియుద్ధాల కథానాయకులకు అందమే తప్ప నటన రాదు.

వాస్తవం: రాబర్ట్ డోనాట్ చేయవలసిన 'కెప్టెన్ బ్లడ్' (1935) ఎరాల్ ఫ్లిన్ చేతికి వచ్చినప్పుడు అతను దాదాపు కొత్తవాడు. షూటింగ్ సాగేకొద్దీ అతను ఎంతగా కుదురుకున్నాడంటే, దర్శకుడు మైకేల్ కర్టిజ్ తొలిరోజుల్లో తీసిన సన్నివేశాలను కొన్నింటిని మళ్లీ తీశాడు. అదే ఫ్లిన్ 1939లో, పద్యనాటకం ఆధారంగా తీసిన ఇంగ్లండ్ రాణి ఎలిజబెత్, ప్రభువు ఎసెక్స్‌ల కథలో, రాణిగా నటించిన బెటీ డేవిస్ ఎదుట నిలబడినప్పుడు మాత్రం, వాక్యాన్ని ఎక్కడ ఆపాలో తెలియక తడబడినట్టే నాకు వినిపిస్తుంది.

అపోహ: చారిత్రక పాత్రకు బ్రిటిష్ ఉచ్చారణే సహజం.

వాస్తవం: రోమన్లు మాట్లాడింది లాటిన్. 'బెన్-హర్' (1959)లో విలియం వైలర్ రోమన్ పాత్రలకు ఎక్కువగా బ్రిటిష్ నటులను, యూదు పాత్రలకు ఎక్కువగా అమెరికన్లను తీసుకున్నాడు. అక్కడ ఉచ్చారణలోని తేడా పాలకులెవరో పాలితులెవరో చెప్పే సాధనమైంది. ఇతర చారిత్రక చిత్రాల్లో అమెరికన్ నటుడు టోనీ కర్టిస్ న్యూయార్క్ యాస ఎబ్బెట్టుగా తోచిందంటే, పౌరాణిక నాటకంలో ఒక్కడే పేట యాసలో పద్యం అందుకున్నట్టు, చుట్టూ ఉన్నవారు మరోలా మాట్లాడడమే కారణం. (అన్నట్టు, 'ది బ్లాక్ షీల్డ్ ఆఫ్ ఫాల్వర్త్'లో అతను తండ్రి కోటను చూపిస్తూ ఆ యాసలో అన్నాడని అందరూ వెక్కిరించే మాట ఆ చిత్రంలో లేనే లేదు.)

అపోహ: ఒకే చిత్రంలో నటన ఎగుడుదిగుడుగా ఉంటే, కొందరు సమర్థులు, కొందరు కారు.

వాస్తవం: కారణం దర్శకుడి మార్పులోనో, మాటల రాతలోనో కూడా ఉండవచ్చు. రోమన్ బానిసల తిరుగుబాటు కథ 'స్పార్టకస్' (1960) చూడండి. షూటింగ్ మొదలైన కొద్దిరోజులకే దర్శకుడు ఆంథనీ మాన్ స్థానంలో స్టాన్లీ కుబ్రిక్ వచ్చాడు. కథానాయకుడు కర్క్ డగ్లస్ దవడ బిగించి నటిస్తుంటే, ఛార్లెస్ లాటన్, పీటర్ ఉస్తినోవ్‌లు భోజనం ముందు కూర్చుని, లావుపాటి మనుషులే మంచివాళ్లని తీరుబడిగా ముచ్చటించుకుంటారు. వారిద్దరి సన్నివేశాలను ఉస్తినోవే తిరగరాశాడు. ఉత్తమ సహాయ నటుడి ఆస్కార్ కూడా అతనికే దక్కింది. రాసినవాడే పలికితే మాట ఎంత ఒదుగుతుందో డబ్బింగ్ గదిలో పనిచేసినవారికి వేరే చెప్పనక్కర్లేదు.

నేను నా కళాకారులకు తరచుగా వినిపించేది అందులో లారెన్స్ ఒలీవియే, టోనీ కర్టిస్‌లు నటించిన స్నానఘట్టం. విడుదలకు ముందే కత్తిరించిన ఆ సన్నివేశాన్ని 1991లో తిరిగి చేర్చేనాటికి దాని శబ్దం పోయింది, లారెన్స్ ఒలీవియే కన్నుమూశాడు. ఒలీవియేకు ఆంథనీ హాప్కిన్స్ గొంతు ఇచ్చాడు, కర్టిస్ తన సంభాషణలు తానే చెప్పుకున్నాడు. నా చెవికి హాప్కిన్స్ గొంతు ఒలీవియే పెదవులపై అతికింది. కర్టిస్ సొంత గొంతే, మధ్యలో గడిచిన ముప్పై ఏళ్లను దాచలేకపోయింది.