గోడకు లేత గోధుమ రంగు వేసే ముందు

చిరంజీవులకు ఆశీస్సులు.

మీ హాలుకు లేత గోధుమ రంగు వేయించబోతున్నారని, అది చప్పగా ఉంటుందని మీరు అలిగారని అమ్మ చెప్పింది. నాకు ఆ రంగంటే చాలా ఇష్టం. అది చప్పని రంగు కాదని మీకు చూపించాలని ఈ ఉత్తరం రాస్తున్నాను.

రంగుల దుకాణంలో తెల్ల రంగు డబ్బాను రంగులు కలిపే యంత్రం కింద పెడతారు. ఆ తెలుపు ముఖ్యంగా తెల్లని పొడి అయిన టైటానియం డయాక్సైడ్‌ది. అందులో కాస్త పసుపు, ఎరుపు, రవ్వంత నలుపు పడితే గోధుమ ఛాయ వస్తుంది. ఆ పసుపు, ఎరుపు సాధారణంగా ఇనుప ఆక్సైడ్లు, అంటే ఇనుము ఆక్సిజన్‌తో కలిసి ఏర్పడేవి. నేలలో దొరికే పసుపు మన్నుకూ ఎర్రమన్నుకూ రంగునిచ్చేవి కూడా ఇవే. ఎండకు అంత త్వరగా వెలిసిపోవు. పసుపు మన్నును బాగా కాలిస్తే అందులో ఇమిడి ఉన్న నీరు పోయి ఎర్రబడుతుంది. ఎంత చక్కని సంగతో చూడండి! మా చిన్నప్పుడు సంక్రాంతికి ముందు ఇళ్లకు సున్నం వేసేవారు. తెలుపు తళతళలాడాలంటే అందులో చిటికెడు నీలిమందు కలిపేవారు, సున్నంలోని పసుపు ఛాయ కనబడకుండా. పసుపు మన్ను కలిపితే గోడ గంధం రంగుకు తిరిగేది.

ఇక అసలు విషయం. గోడ రంగు డబ్బాలో నిర్ణయం కాదు, మీ గదిలోని వెలుతురులో నిర్ణయమవుతుంది. ఉత్తరపు కిటికీ నుంచి వచ్చేది ఎక్కువగా ఆకాశపు వెలుతురే, అందులో నీలం పాలు ఎక్కువ. అక్కడ గోధుమ రంగు బూడిద రంగులా కనిపించవచ్చు. కాబట్టి అలాంటి గదికి పసుపు కొంచెం ఎక్కువున్న ఛాయ మంచిది. పడమటి గదిలో సాయంత్రపు ఎండకు అదే గోడ నారింజ రంగుకు తిరుగుతుంది. నేలను కూడా మరిచిపోకండి. నల్లని కడప బండలు వెలుతురును మింగేస్తాయి, ఎర్ర నేల తన ఎరుపును గోడ మీదికి విసురుతుంది. దీపపు వెలుతురు ఛాయను కెల్విన్లలో చెబుతారు. రాత్రి వేసే దీపాలు 2700 కెల్విన్‌వైతే గోడ వెచ్చగా ఉంటుంది, 6500 కెల్విన్‌వైతే పాలిపోతుంది.

అందుకే మీకో పని. నచ్చిన మూడు నాలుగు ఛాయలు చిన్న డబ్బాల్లో తెప్పించి, పెద్ద తెల్ల అట్టల మీద రెండేసి పూతలు వేయండి. పూర్తిగా ఆరనివ్వండి. తడిగా ఉన్నప్పటి రంగు వేరు, ఆరాక రంగు వేరు. తర్వాత ఒక్కో గోడకు ఆనించి పొద్దున, మధ్యాహ్నం, దీపాలు పెట్టాక చూడండి. టేకు తలుపు పక్కన, కర్టెన్ పక్కన కూడా పెట్టి చూడండి. పైకప్పు మాత్రం తెల్లగానే ఉంచమనండి, గది ఎత్తుగా కనిపిస్తుంది.

ఒక్క జాగ్రత్త. మన దేశంలో తయారయ్యే ఇంటి రంగుల్లో సీసం పది లక్షల పాళ్లకు 90 పాళ్లు మించకూడదన్న నిబంధన 2017 నవంబరు 1న అమల్లోకి వచ్చింది. మీ ఇల్లు అంతకన్నా పాతది. పాత రంగులో, ముఖ్యంగా తలుపులకూ కిటికీలకూ వేసినదానిలో, సీసం ఉండవచ్చు. దాన్ని పొడిగా గీకితే లేచే దుమ్ము పిల్లల మెదడుకు హాని చేస్తుంది. గీకుడు పని జరిగే రోజుల్లో మీరు నా దగ్గరకు వచ్చేయండి. తడిపి గీకమని, తర్వాత నేలను తడిగుడ్డతో తుడిపించమని నాన్నకు గట్టిగా చెప్పండి. వర్షాకాలపు చెమ్మ గోడల్లో ఉంటే ఆరేదాకా ఆగమనండి, లేకపోతే ఎంత మంచి రంగైనా పొక్కులు లేస్తుంది.

అట్టలు చూశాక మీకు ఏది నచ్చిందో, ఎందుకు నచ్చిందో నాకు రాయండి.

ప్రేమతో,
మీ తాతయ్య