లైసెన్స్ ఉందంటున్నారు సరే, ఎవరికి?

యూరప్‌లో క్రిప్టో ఎక్స్ఛేంజీల, అంటే బిట్‌కాయిన్ లాంటివి కొనిపెట్టి అమ్మిపెట్టే సంస్థల, లైసెన్సుల గొడవ మళ్లీ రాజుకుంది. ఈసారి దాని వెనక ఒక తేదీ ఉంది: 2026 జులై 1. పాత రిజిస్ట్రేషన్లతో నెట్టుకొస్తున్న కంపెనీలకు యూరోపియన్ యూనియన్ ఇచ్చిన వెసులుబాటు ఆ తేదీ దాటి సాగదు. కొత్త లైసెన్సు తీసుకోవాలి, లేదంటే దుకాణం కట్టేయాలి. డబ్లిన్‌లో, ఫ్రాంక్‌ఫర్ట్‌లో, ఆమ్‌స్టర్‌డామ్‌లో ఉద్యోగాలు చేసుకుంటూ నెలకింత క్రిప్టోలో పెడుతున్న మన తెలుగువాళ్లకీ ఇది తగిలే విషయమే. "నా యాప్‌కి లైసెన్స్ ఉందా?" అన్న ప్రశ్నకి ఉందనో లేదనో ఒక్క ముక్కలో జవాబు రావాలి. అలా రావడం లేదు.

బిట్‌కాయిన్ పుట్టుక, ధరల ఎగుడుదిగుళ్లు అందరూ వినీ వినీ విసిగిపోయినవే, వదిలేద్దాం. ఈ కొత్త లైసెన్సు పెట్టిన చట్టం పేరు మాత్రం చెప్పుకోవాలి. మార్కెట్స్ ఇన్ క్రిప్టో అసెట్స్ అన్నదాన్ని కుదించి మైకా అంటున్నారు. గూడూరు గనుల్లో తవ్వే మైకాకీ దీనికీ చుట్టరికం లేదు, కాకపోతే ఇదీ పొరలు పొరలుగానే ఉంటుంది. 2020 సెప్టెంబర్‌లో ముసాయిదా, 2023 ఏప్రిల్‌లో యూరోపియన్ పార్లమెంటు ఆమోదం, 2024 డిసెంబర్ 30 నుంచి ఎక్స్ఛేంజీలకు అమలు.

ఇవాళ్టి తగాదాకి మూలం మాత్రం ఈ మూడు తేదీల్లోనూ లేదు. అది 2022 జూన్ 30న ఉంది.

చట్టం రూపు మీద పార్లమెంటు, సభ్య దేశాల మండలి రాజీకి వచ్చిన రోజు అది. అప్పటికి క్రిప్టో మార్కెట్ తగలబడుతోంది. మే నెలలో టెర్రా, లూనా కాయిన్లు కొద్ది రోజుల్లోనే దాదాపు సున్నాకి పడిపోయాయి. ఆవిరైన సొమ్ము 4,000 కోట్ల డాలర్ల దాకా ఉంటుందని లెక్క. జూన్ 12న సెల్సియస్ అనే సంస్థ ఖాతాదారులు డబ్బు తీసుకోకుండా తలుపులు మూసేసింది. చట్టం త్వరగా తేవాలన్న ఒత్తిడి అందరి మీదా ఉంది. ఎక్స్ఛేంజీలకు లైసెన్స్ ఎవరివ్వాలి, ఎవరు కాపలా కాయాలి అన్నది పెద్ద చిక్కు. మొత్తం యూనియన్‌కి ఒకే సంస్థ ఉండాలంటే ఆ పనికి ఎస్మా ఉంది. యూరోపియన్ సెక్యూరిటీస్ అండ్ మార్కెట్స్ అథారిటీ దాని పూర్తి పేరు, ఆఫీసు పారిస్‌లో.

రాజీ అలా కుదరలేదు. లైసెన్స్ ఇచ్చేది ఏ దేశానికి ఆ దేశపు నియంత్రణ సంస్థే అన్నారు. ఒక దేశంలో తీసుకున్నది 27 దేశాల్లోనూ చెల్లుతుంది. దీన్ని పాస్‌పోర్టింగ్ అంటారు. మరీ పెద్ద ఎక్స్ఛేంజీల సంగతేమిటంటే, వాటి సమాచారం ఎప్పటికప్పుడు ఎస్మాకి పంపుతుంటే చాలన్నారు. తుది చట్టంలో ఆ 'పెద్ద' అన్న మాటకి కొలత పెట్టారు: యూనియన్‌లో ఏడాది సగటున కోటిన్నర మంది చురుకైన వినియోగదారులు. అంతమంది ఉన్నా కాపలా మాత్రం ఇంటి దేశానిదే. ఎస్మా చేతిలో మిగిలినది ప్రధానంగా ఒక రిజిస్టర్.

మన దగ్గర డ్రైవింగ్ లైసెన్స్ ఏ ఆర్టీఓ ఆఫీసులో తీసుకున్నా దేశమంతా చెల్లుతుంది కదా, అలాంటిదే ఇది. ఏ ఊళ్లో టెస్టు గట్టిగా పెడతారు, ఏ ఊళ్లో పెట్టరు అన్నది ఎవరికి వారికి తెలుసు.

అలా జరుగుతుందని 2022లో ఎవరికీ తోచలేదా? తోచకపోవడానికి వీల్లేదు, అప్పటికే చూసి ఉన్నారు. ఎస్టోనియా 2017 చివర్లో క్రిప్టో అనుమతులు మొదలుపెట్టి వెయ్యికి పైగా ఇచ్చింది. డెన్మార్క్‌కి చెందిన డాన్స్కే బ్యాంకు ఎస్టోనియా శాఖ గుండా 20,000 కోట్ల యూరోల అనుమానాస్పద సొమ్ము పారిందని బయటపడ్డాక ఆ దేశం తేరుకుంది. 2020లో 500కి పైగా అనుమతులు రద్దు చేసింది, 2022 మార్చిలో చట్టం బిగించింది. అక్కడ తలుపు మూసేసరికి కంపెనీలు దగ్గర్లోని లిథువేనియాలో వాలాయి.

మాల్టా కథ ఇంకా రుచికరం. 2018 మార్చిలో బైనాన్స్ అనే పెద్ద ఎక్స్ఛేంజీ ఆ దీవికి వస్తున్నానని ప్రకటిస్తే అప్పటి ప్రధాని జోసెఫ్ మస్కట్ స్వయంగా స్వాగతం పలికారు. ఆ ఏడాది నవంబర్‌లో మాల్టా సొంత క్రిప్టో చట్టం అమల్లోకి వచ్చింది. పత్రికలు బైనాన్స్‌ని 'మాల్టా కంపెనీ' అని రాసుకుంటూ పోయాయి. 2020 ఫిబ్రవరి 21న మాల్టా నియంత్రణ సంస్థ ఒక చిన్న ప్రకటన ఇచ్చింది: క్రిప్టో వ్యాపారం చేయడానికి బైనాన్స్‌కి మేం ఏ అనుమతీ ఇవ్వలేదు. అంటే దాదాపు రెండేళ్లు జనం లైసెన్స్ అనుకున్నది ఒక స్వాగత సందేశాన్ని.

2022లో కుప్పకూలిన ఎఫ్‌టీఎక్స్ అనే ఎక్స్ఛేంజీ దగ్గర లైసెన్స్ నిజంగానే ఉండేది. సైప్రస్‌లో ఎఫ్‌టీఎక్స్ ఈయూ అనే కంపెనీకి పెట్టుబడి సంస్థగా అనుమతి ఉంది, అది యూనియన్ అంతటా చెల్లేది. కూలిపోయినది మాత్రం బహామాస్ నుంచి నడిచే సామ్రాజ్యం. 2022 నవంబర్ 11న గ్రూపు దివాలా పిటిషన్ వేసిన రోజే సైప్రస్ ఆ అనుమతిని నిలిపివేసింది. బోర్డు మీద పేరు ఒకటే, లోపల కంపెనీలు వేరు.

ఇన్ని చూశాక కూడా 2022 రాజీ మారలేదు. ఫలితం 2025 జనవరిలోనే కనపడింది. చట్టం అమలైన కొద్ది వారాలకే మాల్టా ఓకేఎక్స్, క్రిప్టో డాట్ కామ్ వంటి పెద్ద ఎక్స్ఛేంజీలకి మైకా అనుమతులు ఇచ్చేసింది. అంత వేగం ఎలా సాధ్యమైందో చూడటానికి ఎస్మా ఒక సమీక్ష చేయించింది. పేరు చెప్పకుండా ఒకే ఒక్క కంపెనీకి ఇచ్చిన అనుమతిని తీసుకుని తరచి చూసిన ఆ నివేదిక 2025 జులై 10న వచ్చింది. మాల్టా సంస్థలో సిబ్బందికి, నైపుణ్యానికి లోటు లేదంటూనే, అనుమతి ఇచ్చే విషయంలో అంచనాలను పాక్షికంగా మాత్రమే అందుకుందని తేల్చింది. కొన్ని ముఖ్యమైన అంశాలు తేలకుండానే అనుమతి ఇచ్చేశారన్నది దాని సారాంశం. నియంత్రణ సంస్థల భాషలో ఇంతకన్నా గట్టిగా తిట్టుకోరు.

రెండు నెలల తర్వాత, సెప్టెంబర్ 15న, ఫ్రాన్స్, ఆస్ట్రియా, ఇటలీ నియంత్రణ సంస్థలు ఉమ్మడిగా గొంతెత్తాయి. దేశానికో తీరుగా అనుమతులు ఇస్తున్నారు, మైకా వచ్చిన మొదటి నెలల్లోనే ఆ తేడాలు బయటపడ్డాయి, పెద్ద ఎక్స్ఛేంజీలను నేరుగా ఎస్మా చూసుకోవాలి అన్నది వాళ్ల వాదన. ఖాతాదారుల ఆర్డర్లను యూనియన్ బయటి ప్లాట్‌ఫాంలకి మళ్లించే దారిని కూడా మూయమన్నారు. వాళ్ల బాధ అర్థం చేసుకోవచ్చు. ఫ్రాన్స్‌లో మదుపు చేసినవాడు మునిగితే ఏడ్చుకుంటూ వచ్చేది ఫ్రాన్స్ సంస్థ గుమ్మానికే, లైసెన్స్ కాగితం చూస్తే వేరే దేశానిది. వేరే దేశపు పాస్‌పోర్ట్‌ని మా గడ్డ మీద ఒప్పుకోకపోయే అవకాశాన్నీ తోసిపుచ్చలేమని ఫ్రాన్స్ సంస్థ అధ్యక్షురాలు మారీ ఆన్ బార్బా-లయానీ అనేదాకా వెళ్లింది. ఎస్మా ఆఫీసు పారిస్‌లో ఉండటం యాదృచ్ఛికమే అనుకుందాం. ఆస్ట్రియా కూడా ఆ ఏడాది మేలో బైబిట్ అనే పెద్ద ఎక్స్ఛేంజీకి అనుమతి ఇచ్చిన దేశమే.

మాల్టా జవాబు: 2018 నుంచి మాకు అనుభవం ఉంది, అందుకే త్వరగా చేయగలిగాం, అంతా ఒకచోటికి చేరిస్తే పెరిగేది ఫైళ్ల బరువే.

2025 డిసెంబర్ 4న యూరోపియన్ కమిషన్ పెట్టిన ప్రతిపాదన క్రిప్టో సంస్థల పర్యవేక్షణను ఎస్మాకి అప్పగించమంటోంది. 2022 జూన్‌లో పక్కన పెట్టిన మాటనే మళ్లీ బల్ల మీదకి తెచ్చారన్నమాట. పార్లమెంటు, సభ్య దేశాలు ఒప్పుకుంటేనే అది చట్టమయ్యేది.

వెసులుబాటు గడువులోనూ ఇదే తంతు. 18 నెలల దాకా ఇవ్వొచ్చు, కావాలంటే తగ్గించుకోవచ్చు అని చట్టం దేశాలకే వదిలేసింది. నెదర్లాండ్స్ ఆరు నెలలకే ముగించింది, జర్మనీ ఏడాది ఇచ్చింది, ఫ్రాన్స్, మాల్టా పూర్తి గడువూ వాడుకున్నాయి. పోలండ్‌లోనైతే మైకాకి అనుబంధంగా తెచ్చిన దేశీయ చట్టాన్ని 2025 డిసెంబర్‌లో అధ్యక్షుడు వీటో చేశారు. పైగా పాత రిజిస్ట్రేషన్‌కి పాస్‌పోర్టింగ్ ఉండదు, అది సొంత దేశం వరకే.

కాబట్టి యాప్‌లో 'మైకా లైసెన్స్' అన్న ముద్ర చూసి ఆగిపోతే లాభం లేదు. ఎస్మా తన వెబ్‌సైట్‌లో రిజిస్టర్‌ను ఫైళ్ల రూపంలో పెడుతోంది. ఎక్సెల్‌లో తెరుచుకునేవే, కాకపోతే చూడగానే నీరసం వస్తుంది. అందులో వెతకాల్సింది యాప్ పేరు కాదు. ఖాతా తెరిచేటప్పుడు చదవకుండా ఒప్పుకున్న నిబంధనల్లో మనతో ఒప్పందం చేసుకుంటున్న కంపెనీ పేరు ఉంటుంది, అది. ఆ పేరు, ప్రతి కంపెనీకీ విడిగా ఉండే 20 అక్షరాల గుర్తింపు సంఖ్య (ఎల్ఈఐ), వెబ్‌సైట్ చిరునామా మూడూ కలవాలి; అసలు కంపెనీ పేరు పెట్టుకుని నకిలీ సైట్లు నడిపేవాళ్లు ఉన్నారు. అదే వరుసలో లైసెన్స్ ఇచ్చిన దేశం, ఏయే దేశాల్లో సేవలందిస్తుంది, ఏయే సేవలకి అనుమతి ఉంది అన్నవి కనిపిస్తాయి. మైకాలో సేవలు పది రకాలు. కాయిన్లు భద్రపరచడానికి మాత్రమే అనుమతి ఉన్న కంపెనీ ట్రేడింగ్ ప్లాట్‌ఫాం నడపకూడదు. ఫ్యూచర్స్ లాంటి డెరివేటివ్స్, అంటే కాయిన్ ధర మీద ఆధారపడిన ఒప్పందాలు, అసలు మైకా కిందకే రావు, వాటికి వేరే చట్టం, వేరే అనుమతి. ఒక సేవకి లైసెన్స్ చూపించి పక్కనే లైసెన్స్ అక్కర్లేని సరుకు అమ్మడం మీద ఎస్మా 2025 జులైలోనే హెచ్చరించింది. చెట్టు పేరు చెప్పి కాయలమ్ముకోవడమంటే ఇదే.

రిజిస్టర్‌లో నిబంధనలు పాటించని సంస్థలకి ఒక ఫైలు వేరేగా ఉంది. అందులో పేరు లేనంత మాత్రాన అనుమతి ఉన్నట్టు కాదు. కాయిన్ల వైట్ పేపర్లకి, అంటే కాయిన్ వివరాలు చెప్పే పత్రాలకి, మరో ఫైలు ఉంది. అక్కడ తమ కాయిన్ పేరు చూపించి యూరప్ ఆమోదించిందని చెప్పేవాళ్లతో జాగ్రత్త. మామూలు కాయిన్ల వైట్ పేపర్ మొదటి పేజీలోనే, దీన్ని యూనియన్‌లోని ఏ నియంత్రణ సంస్థా ఆమోదించలేదు అని రాసి తీరాలన్నది మైకా నిబంధన.

ఇండియా ఖాతాలు వాడేవాళ్లకి ఇందులో కొంత తెలిసిన వాసనే రావచ్చు. 2023 మార్చి నుంచి ఇక్కడి ఎక్స్ఛేంజీలు ఫైనాన్షియల్ ఇంటెలిజెన్స్ యూనిట్ దగ్గర నమోదు చేసుకోవాలి, విదేశాల నుంచి ఇక్కడివాళ్లకి సేవలందించేవీ అంతే. అలా చేయలేదని ఆ ఏడాది డిసెంబర్‌లో తొమ్మిది విదేశీ ప్లాట్‌ఫాంలకి నోటీసులు వెళ్లాయి. తర్వాత బైనాన్స్ నమోదైంది, దానికి 18.82 కోట్ల రూపాయల జరిమానా కూడా పడింది. ఆ నమోదు నల్లడబ్బు మీద నిఘా కోసం పెట్టింది, ఒకప్పుడు ఎస్టోనియా ఇచ్చిన అనుమతులూ ఆ కోవలోవే. ఎక్స్ఛేంజీ మునిగితే మదుపరి సొమ్ము ఏమవుతుందన్న దాని జోలికి అది వెళ్లదు.