ఆ 28 సెకన్ల వెనక కథ

2024 ఆగస్టులో పారిస్ ఒలింపిక్స్‌లో మన జూడో క్రీడాకారిణి తూలికా మాన్ 28 సెకన్లలో ఓడిపోయినప్పుడు మేం హన్మకొండ చౌరస్తాలో చాయ్ తాగుతూ ఫోన్‌లో చూస్తున్నాం. "గిదేందిరా, షురూ కాకముందే అయిపాయె! గింతదానికి పారిస్ దాకా పోవుడెందుకు?" అన్నాడు మా మామ. వాదన పెట్టుకుని చాయ్ చల్లార్చుకున్నాను గానీ సగమే చెప్పగలిగాను. మిగతాది ఇక్కడ రాస్తున్నా.

జూడో బౌట్ 4 నిమిషాలు. అంతసేపూ సాగాలనేం లేదు. ఎదుటి మనిషిని పట్టు తప్పకుండా, బలంగా, వేగంగా వెల్లకిలా పడేస్తే అది ఇప్పన్, ఆట అక్కడికి ఖతం. కబడ్డీలో ఒక రైడ్ పోయినా ఇంకో రైడ్ ఉంటుంది, ఇక్కడ ఉండదు. కుస్తీ చూసిన మామకు ఇది వెంటనే అర్థమైంది కానీ, జూడోలో కాళ్లు పట్టి లాగడాన్ని 2010లో చాలావరకు, 2013లో పూర్తిగా ఆపేశారంటే మాత్రం నమ్మలేదు. కుస్తీ నుంచి వచ్చిన పిల్లలు సగం పట్లు మర్చిపోవాల్సిందే మరి.

ఇక ఆమెకు ఎదురుపడింది ఎవరో చూడండి. క్యూబాకు చెందిన ఇదాలిస్ ఓర్తిజ్. 2008లో కాంస్యం, 2012లో స్వర్ణం, రియోలో రజతం, టోక్యోలో మళ్లీ రజతం. తూలికకేమో అదే మొదటి ఒలింపిక్స్. రెండేళ్ల ముందు బర్మింగ్‌హామ్ కామన్వెల్త్ క్రీడల్లో రజతం తెచ్చిన అమ్మాయే, కానీ కామన్వెల్త్‌లో జపాన్ ఉండదు, ఫ్రాన్స్ ఉండదు, క్యూబా ఉండదు. ఆ పతకం చూసి మనం ఒలింపిక్స్ లెక్కలు వేసుకోవడమే తప్పు.

ఇలా జరగడం ఇదే మొదటిసారి కూడా కాదు. 2012 లండన్‌లో గరిమా చౌదరికి మొదటి బౌట్‌లోనే జపాన్ ప్రపంచ చాంపియన్ యోషియె ఉఎనో తగిలింది. టోక్యోకు జూడోలో మన దేశం నుంచి వెళ్లిన ఒకే ఒక్కరు, మణిపూర్ అమ్మాయి సుశీలా లిక్మాబమ్. ఆమెకు హంగరీ క్రీడాకారిణి చెర్నొవిస్కి, లండన్‌లో కాంస్యం గెలిచినామె. సీడింగ్, అంటే బలమైనవాళ్లు మొదట్లోనే ఒకరికొకరు తగలకుండా ర్యాంకును బట్టి విడగొట్టడం, 8 మందికే ఉంటుంది, మిగతావాళ్లకు మొదటి రౌండ్‌లో ఎవరు తగిలినా మొక్కుకోవడం తప్ప చేసేదేం లేదు. ర్యాంకు పెరగాలంటే గ్రాండ్‌ప్రి, గ్రాండ్‌స్లామ్ టోర్నీలు వరసగా ఆడాలి, అవేమో పారిస్, టోక్యో, తాష్కెంట్ లాంటి చోట్ల. విమానం టికెట్లు, కోచ్ ఖర్చు, నెలల తరబడి క్యాంపులు, అన్నీ ఎవరో ఒకరు పెట్టుకోవాలి. తూలిక కూడా నేరుగా ర్యాంకుతో కాదు, ఆసియా ఖండం కోటాలోనే అర్హత సాధించింది.

అన్ని ఓటములనూ డ్రా మీద, అంటే ఎవరికి ఎవరు తగలాలో తేల్చే చీటీ మీద తోసేయడం లేదు. రియోలో అవతార్ సింగ్ శరణార్థుల జట్టు ఆటగాడు పోపోలె మిసెంగా చేతిలో ఓడిపోయాడు, దానికి ఏ సాకూ లేదు.

మన దగ్గర ఆట లేదనీ కాదు. 1986 సియోల్ ఏషియాడ్‌లో జూడో మొదటిసారి పెట్టినప్పుడే మనకు 4 కాంస్యాలు వచ్చాయి. 2022లో సరయెవోలో 18 ఏళ్ల లోపు వాళ్ల ప్రపంచ పోటీల్లో లింథోయి చనంబమ్ 57 కిలోల విభాగంలో స్వర్ణం గెలిచింది, ఏ వయసు విభాగంలోనైనా భారత్‌కు అదే మొదటి ప్రపంచ జూడో పతకం. ఆమె తర్ఫీదు పొందింది బళ్లారి దగ్గరి విజయనగర్‌లో, జార్జియా కోచ్ దగ్గర. ఆ వయసుకు మా వైపు పిల్లల్ని జూడో మ్యాట్ మీద నుంచి లేపి ఎంసెట్ కోచింగ్‌లో కూర్చోబెట్టేస్తాం. మా మామ కూడా తన కూతురిని అట్లాగే మాన్పించాడు, ఆ సంగతి చౌరస్తాలో ఎత్తలేదు లెండి.