పెద్ద బండి నడిపేవాళ్ల మీద అపోహలు, అసలు వాస్తవాలు

పికప్పులు, లారీలు, ట్రైలర్లు నడపడం నేర్పించడం నా వృత్తి. నా దగ్గర నేర్చుకుని రోడ్డెక్కినవాళ్లు తరచూ చెప్పుకునే బాధ ఒకటుంది. పక్కవాళ్లు బండి సైజు చూసే "వీడికి పొగరు" అని తేల్చేస్తారట. ఆ కోపంలో కొంత న్యాయం ఉంది, చాలావరకు తెలియనితనం ఉంది.

అపోహ: అంత ఎత్తులో కూర్చుంటాడు కాబట్టి అన్నీ కనిపిస్తాయి. చూసీ పట్టించుకోడు.

వాస్తవం: ఎత్తులో కూర్చుంటే దూరం బాగా కనిపిస్తుంది, దగ్గరున్నది మరుగున పడుతుంది. బంపర్‌కు ఆనుకుని నిలబడ్డ మనిషి, క్లీనర్ వైపు తలుపు పక్కన ఆగిన బైకు, వెనకాలే అంటుకుని వచ్చే కారు నేరుగా కంటికి ఆనవు. అద్దాలు, కెమెరాలు సాయం చేస్తాయి. కానీ ఒక అద్దం చూస్తున్న క్షణంలో మిగతావి చూడలేం కదా! కొత్తవాళ్లను ముందుగా క్యాబిన్‌లో కూర్చోబెట్టి, బండి చుట్టూ మనుషులను నిలబెట్టి ఎంతమందో లెక్కపెట్టమంటాను. ఎప్పుడూ తక్కువే చెబుతారు. కార్లు, బైకులు నేర్పేచోట కూడా ఈ పాఠం ఉండి తీరాలని నా గట్టి అభిప్రాయం. లారీ అద్దంలో డ్రైవర్ ముఖం మీకు కనబడడం లేదంటే, మీరూ అతనికి కనబడడం లేదని లెక్క.

అపోహ: మలుపులో రెండు లైన్లూ ఆక్రమించడం దౌర్జన్యం.

వాస్తవం: పొడవాటి బండి తిరిగేటప్పుడు వెనక చక్రాలు ముందు చక్రాల దారిలో రావు, మలుపు లోపలికి జరిగిపోతాయి. ముందే చోటు తీసుకోకపోతే ఫుట్‌పాత్ ఎక్కేస్తాయి. అందుకే కాస్త బయటికి తీసి తిప్పమని నేనే నేర్పిస్తాను. అలా తీసినప్పుడు లోపలి వైపు ఖాళీ కనిపిస్తుంది, ఎవరో ఒకరు బైకు దూర్చేస్తారు. అంతకన్నా ప్రమాదకరమైన చోటు ఇంకోటి లేదు. బండి ఎటు జరిగినా సరే, ఇండికేటర్ ఎటు వెలుగుతోందో చూసి ఆగండి.

అపోహ: లారీలు కావాలనే పక్కపక్కన వెళ్తూ దారి ఇవ్వవు.

వాస్తవం: యూరోపియన్ యూనియన్‌లో భారీ లారీలు గంటకు 90 కి.మీ. దాటకుండా స్పీడ్ లిమిటర్ తప్పనిసరి. ముందున్న బండి కన్నా 2 కి.మీ. మాత్రమే ఎక్కువ వేగం ఉందనుకోండి, 100 మీటర్లు ముందుకు రావడానికి 3 నిమిషాలు పడుతుంది. అయితే వెనక బండ్లు బారులు తీరాయని తెలిసీ అంత చిన్న తేడా కోసం ఓవర్‌టేక్‌కు దిగడం నాకు నచ్చదు.

లారీ ముందు వదిలిన ఖాళీ గురించి కూడా ఒక మాట. అది బ్రేకు కోసం ఉంచుకున్న దూరం. అందులోకి కటింగ్ కొట్టి దూరితే ఆ దూరం మీరు లాగేసుకున్నట్టే.

అపోహ: ట్రాలీ ఖాళీగా ఉందంటే పికప్ షోకు కోసం కొన్నదే.

వాస్తవం: సరుకు దించాక చాలా బండ్లు ఖాళీగానే వెనక్కి వస్తాయి. పైగా ఖాళీ పికప్ నడపడం తేలిక కాదు. ఇంజిన్ బరువు ముందు ఉంటుంది, వెనక చక్రాల మీద భారం తక్కువ కాబట్టి తడి రోడ్డు మీద పట్టు సడలుతుంది.

అపోహ: బండి ఎంత పెద్దదైతే అంత సేఫ్.

వాస్తవం: లోపల కూర్చున్నవాళ్లకు చాలాసార్లు నిజమే, బయటున్నవాళ్లకు కాదు. అమెరికాలోని ఐఐహెచ్ఎస్ అనే రోడ్డు భద్రత సంస్థ 2023లో ఒక అధ్యయనం వెలువరించింది. బానెట్ 40 అంగుళాల కన్నా ఎత్తున్న బండ్లు పాదచారులను ఢీకొంటే ప్రాణం పోయే అవకాశం సుమారు 45 శాతం ఎక్కువని అందులో తేలింది. పోల్చింది 30 అంగుళాలకు మించని ఏటవాలు బానెట్ ఉన్న కార్లతో. జనం కోపంలో న్యాయం ఉందన్నది ఇందుకే. ఎత్తైన పికప్ కొన్నవాళ్లకు నేను పదేపదే చెప్పేది ఒకటే: ముందు చిన్నపిల్ల నిలబడితే మీకు కనిపించదు, బండి ఎక్కే ముందు ప్రతిసారీ చుట్టూ ఒకసారి నడిచి చూడండి.