పక్కిల్లు ఎయిర్‌బీఎన్‌బీ అయితే: పెన్సిల్వేనియా జోనింగ్ అప్పీళ్ళపై అపోహలు - వాస్తవాలు

పెన్సిల్వేనియాలోని పోకొనోస్ కొండల్లో ఇళ్ళు కొన్న తెలుగువాళ్ళు షార్ట్ టర్మ్ రెంటల్ (ఇంటిని కొద్ది రోజులకు అద్దెకివ్వడం) గొడవలో రెండు పక్షాల్లోనూ ఉన్నారు. ఇంటిని వారాంతాలకు అద్దెకిచ్చేవాళ్ళు కొందరు, ఆ ఇంటి పక్కన నిద్ర కరువైనవాళ్ళు కొందరు. ఈ పోస్టు రెండోవాళ్ళ కోసం. ఇందులో చెప్పిన జోనింగ్ (ఏ ప్రాంతంలో స్థలాన్ని దేనికి వాడవచ్చో నిర్ణయించడం) పద్ధతి పెన్సిల్వేనియా మున్సిపాలిటీస్ ప్లానింగ్ కోడ్ ప్రకారం. న్యూజెర్సీకీ టెక్సస్‌కీ ఇది పనికిరాదు. ఫిలడెల్ఫియా, పిట్స్‌బర్గ్ నగరాల పద్ధతి కూడా వేరు.

అపోహ: "ఆర్డినెన్స్‌లో షార్ట్ టర్మ్ రెంటల్ మాటే లేదు. వద్దని రాయలేదంటే చేసుకోవచ్చనే కదా."

కాదు. ఆర్డినెన్స్ అంటే టౌన్‌షిప్ (ఊరి పాలనా సంస్థ) చేసుకున్న జోనింగ్ నియమావళి. 2019 ఏప్రిల్‌లో స్లైస్ ఆఫ్ లైఫ్ వర్సెస్ హామిల్టన్ టౌన్‌షిప్ కేసులో రాష్ట్ర సుప్రీంకోర్టు ఈ వాదనను తోసిపుచ్చింది. మన్రో కౌంటీలో ఒక సంస్థ ఇల్లు కొని, అందులో ఎవరూ కాపురం ఉండకుండా, కొద్ది రోజుల అద్దెలకే వాడింది. ఆ జోన్‌లో అనుమతి ఉన్నది ఒక కుటుంబం ఉండే ఇంటికి. ఆర్డినెన్స్ ప్రకారం కుటుంబమంటే ఒకే సంసారంగా కలిసి బతికేవాళ్ళు. శుక్రవారం వచ్చి ఆదివారం వెళ్ళిపోయే బృందానికి ఆ స్థిరత్వం ఉండదు కాబట్టి, ఆ వాడకం ఆ జోన్‌లో చెల్లదని కోర్టు తేల్చింది. అంతకుముందు 2016, 2017 సంవత్సరాల్లో కామన్‌వెల్త్ కోర్టు (రాష్ట్ర సుప్రీంకోర్టు కింది అప్పీలు కోర్టు) యజమానుల పక్షాన తీర్పులిచ్చింది. ఇప్పటికీ ఆ పాత తీర్పులే చేత్తో పట్టుకుని హియరింగ్‌కు వచ్చేవాళ్ళుంటారు, ఆశ్చర్యపోకండి.

అయితే ఆ తీర్పు అన్ని ఊళ్ళకూ ఒకేలా అతకదు. మీ టౌన్‌షిప్ ఆర్డినెన్స్‌లో మూడు చోట్ల చూడండి: "కుటుంబం", "నివాస గృహం" నిర్వచనాలు, మీ జోన్‌లో అనుమతించిన వాడకాల పట్టిక, 2019 తర్వాత చేసిన సవరణలు. ఆ తీర్పు వచ్చాక షార్ట్ టర్మ్ రెంటల్స్‌కు ప్రత్యేక లైసెన్సు పెట్టిన ఊళ్ళున్నాయి. మీదీ అలాంటి ఊరైతే, ఆ లైసెన్సు షరతులు చదవకుండా సుప్రీంకోర్టు తీర్పు ఒక్కటే పట్టుకెళ్తే మొదటి పది నిమిషాల్లోనే మీ కేసు వీగిపోతుంది.

అపోహ: "ముందు వివరాలన్నీ తెప్పించుకుని, తీరిగ్గా అప్పీలు వేద్దాం."

ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే. టౌన్‌షిప్ జోనింగ్ ఆఫీసర్ ఆ ఇంటి వాడకానికి పర్మిట్ ఇచ్చిన నాటినుంచి 30 రోజుల్లోపు జోనింగ్ హియరింగ్ బోర్డుకు (ఇలాంటి అప్పీళ్ళు వినే స్థానిక మండలికి) అప్పీలు చేరాలి. పర్మిట్ సంగతి తెలియదు, తెలిసే అవకాశమూ లేదు అని నిరూపిస్తేనే మినహాయింపు. గుమ్మానికి నంబర్ల తాళం వచ్చి, ప్రతి వారాంతం కొత్త కార్లు దిగుతుంటే, "తెలిసే అవకాశం లేదు" అంటే బోర్డు నమ్మదు.

పర్మిట్ కాపీకి రైట్ టు నో చట్టం (ప్రభుత్వ రికార్డులు అడిగే హక్కు చట్టం) కింద అర్జీ పెట్టండి. జవాబుకు టౌన్‌షిప్‌కు 5 పనిదినాల గడువుంది, కానీ దాన్ని మరో 30 రోజులు పొడిగించుకునే హక్కు కూడా ఉంది. మీ అప్పీలు గడువు మొత్తం ఆ పొడిగింపులోనే కరిగిపోవచ్చు. అందుకే అర్జీ, అప్పీలు రెండూ ఒకేసారి వేయాలి. వివరాలు తర్వాత చేర్చుకోవచ్చు, దాటిన గడువు తిరిగి రాదు. పైగా గడువు ముగిశాక యజమాని "పర్మిట్ నమ్ముకుని డబ్బు పెట్టాను" అని హక్కు స్థిరపడిన వాదన తెస్తాడు. ఎవరూ సకాలంలో అప్పీలు చేయలేదన్నది ఆ వాదనలో ఒక ముఖ్యమైన అంశం.

ఇంకో మాట. ఆధారం లేని అప్పీలని అనిపిస్తే, అప్పీలు వేసినవాళ్ళు బాండ్ (పూచీ సొమ్ము) కట్టాలని యజమాని కోర్టును అడగవచ్చు. కోపంతో రాసిన అప్పీలు కాకుండా సెక్షన్ నంబర్లతో రాసిన అప్పీలు వేయండి.

అపోహ: "వీధంతా సంతకాలు పెట్టాం, బోర్డు కాదనలేదు."

బోర్డు ప్రమాణం చేయించి సాక్ష్యం వింటుంది. సంతకాల కాగితాన్ని ప్రశ్నించడం కుదరదు కాబట్టి దానికి విలువ తక్కువ. వంద సంతకాలకన్నా కుర్చీలో కూర్చుని మాట్లాడే ముగ్గురు మేలు.

పనికొచ్చేవి ఇవి: తేదీ కనిపించేలా తీసిన ప్రకటన స్క్రీన్‌షాట్లు (ఎంతమందికి, కనీసం ఎన్ని రాత్రులకు, ఖాళీ తేదీల క్యాలెండర్), అతిథులు రాసిన రివ్యూలు, మీరు రాసుకున్న పట్టిక. పట్టికలో తేదీ, సమయం, కార్ల సంఖ్య, జరిగినది రాయండి. "ఎప్పుడూ గోలే" అని రాస్తే లాభం లేదు. ఫోటో గానీ వీడియో గానీ పెడితే, తీసినవాళ్ళే వచ్చి చెప్పాలి.

చాలామంది మర్చిపోయేది సెప్టిక్ ట్యాంకు. రాష్ట్ర నిబంధనల్లో మూడు బెడ్‌రూమ్‌ల ఇంటికి రోజుకు 400 గ్యాలన్ల మురుగు లెక్క, ఆపైన ప్రతి బెడ్‌రూమ్‌కు మరో 100. సెప్టిక్ పర్మిట్‌లో మూడు బెడ్‌రూమ్‌లుండి, ప్రకటనలో పద్నాలుగు మందికి పడకలని ఉంటే, ఆ రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టండి. ఇది అరుపులూ కేకల ఫిర్యాదుకన్నా ఎంతో బరువైనది. అరుపులకు యజమాని లాయరు "పోలీసుల్ని పిలవండి" అనేస్తాడు, అందులో కొంత నిజం కూడా ఉంది. బోర్డు చూసేది అల్లరిని కాదు, ఇంటి వాడకాన్ని.

అపోహ: "రుజువు చేయాల్సిన భారం ఎప్పుడూ యజమానిదే."

యజమాని ఏం అడుగుతున్నాడన్నదాన్ని బట్టి. వేరియెన్స్ (ఆర్డినెన్స్ నియమం నుంచి సడలింపు) అడిగితే భారం ఆయనదే, అదీ పెద్ద భారం: స్థలానికే ఉన్న ప్రత్యేక ఇబ్బంది, తాను తెచ్చిపెట్టుకోని కష్టం, పరిసరాల స్వభావం మారదన్న హామీ, అవసరమైనంత మేరకే సడలింపు, ఇలా అన్నీ చూపాలి. "అద్దెకివ్వకపోతే లోన్ కట్టలేను" అన్నది సరిపోదు. స్పెషల్ ఎక్సెప్షన్ (షరతులు తీరిస్తే బోర్డు ఇవ్వవచ్చని ఆర్డినెన్స్‌లోనే రాసిన వాడకం) అడిగితే కథ తిరగబడుతుంది. ఆర్డినెన్స్‌లోని షరతులు తీర్చానని ఆయన చూపగానే, మామూలుగా వచ్చే ఇబ్బందికి మించిన హాని జరిగే అవకాశం గట్టిగా ఉందని మీరు చూపాలి. కండిషనల్ యూజ్ (అలాంటి షరతుల వాడకమే) అయితే అసలు ఈ బోర్డు ముందుకే రాదు, దాన్ని తేల్చేది టౌన్‌షిప్ పాలకమండలి. నోటీసులో ఏ మాట ఉందో ముందు చూసుకోండి.

అపోహ: "హియరింగ్‌కు వెళ్ళి మాట్లాడాం, ఇక కేసులో ఉన్నట్టే."

మాట్లాడటం వేరు, పార్టీగా (కేసులో ఒక పక్షంగా) నమోదవడం వేరు. కొన్ని బోర్డులు దీనికి ఫారం పెడతాయి. ఫారం లేకపోతే పేరు, చిరునామా, ఇంటికి ఎంత దూరం, నష్టమేమిటో చెప్పి, పార్టీగా రికార్డు చేయమని నోరు తెరిచి అడగండి. బోర్డు దగ్గర ఎత్తని వాదన కోర్టులో ఎత్తుతామంటే సాధారణంగా చెల్లదు. కోర్టు కొత్తగా సాక్ష్యం తీసుకోకపోతే చట్టంలో తప్పుందా, బోర్డు అధికారాన్ని దుర్వినియోగం చేసిందా అన్నదే చూస్తుంది.

ఓడితే 30 రోజుల్లో కౌంటీ కామన్ ప్లీస్ కోర్టుకు (కౌంటీ స్థాయి ట్రయల్ కోర్టుకు) వెళ్ళాలి. గెలిచినా నిద్రపోకండి. యజమాని అప్పీలుకు వెళ్తే టౌన్‌షిప్, ఆ ఇంటి యజమానులు లేదా అద్దెదారులు మాత్రమే 30 రోజుల్లోపు నోటీసు వేసి నేరుగా చేరగలరు. పొరుగువాళ్ళు చేరాలంటే ఇంటర్వెన్షన్ పిటిషన్ (కేసులో చేర్చుకోమనే అర్జీ) వేయాలి. అది వేయకపోతే, టౌన్‌షిప్ మధ్యలో రాజీ పడినా మీ మాట అడిగేవాళ్ళుండరు.

అపోహ: "హోటల్ ట్యాక్స్ కడుతున్నాడు, అంటే ప్రభుత్వం ఒప్పుకున్నట్టే."

30 రోజులకు తక్కువ అద్దెలపై రాష్ట్రం 6 శాతం వసూలు చేస్తుంది. అది పన్ను, జోనింగ్ అనుమతి కాదు. ఆ రసీదు పట్టుకొస్తే నిజానికి మీకే మేలు: అద్దె తక్కువ రోజులదేనని ఆయనే ఒప్పుకున్నట్టు.

అపోహ: "మా కమ్యూనిటీ అసోసియేషన్ నియమాల్లో నిషేధం ఉంది, బోర్డుకు అదే చూపిస్తాం."

అవి ప్రైవేటు ఒప్పందాలు. వాటిని బోర్డు అమలు చేయదు. అసోసియేషన్ వేరే దారిలో పోరాడాలి.

అపోహ: "టౌన్‌షిప్ పట్టించుకోకపోతే దారే లేదు."

ఉంది. కోడ్‌లోని 617వ సెక్షన్ ప్రకారం, ఉల్లంఘన వల్ల గణనీయంగా నష్టపడే మీలాంటి ఆస్తి యజమాని లేదా అద్దెదారు సొంతంగా కోర్టుకు వెళ్ళి ఆ వాడకాన్ని ఆపమని అడగవచ్చు. దావాకు కనీసం 30 రోజుల ముందు మున్సిపాలిటీకి నోటీసు ఇవ్వాలి, లేకపోతే దావా నిలవదు. ముందుగా జోనింగ్ ఆఫీసర్‌కు రాతపూర్వకంగా ఫిర్యాదు చేసి, నిర్ణయం కూడా రాతపూర్వకంగానే అడగండి. ఫోన్‌లో చెప్పిన మాట మీద అప్పీలు వేయలేరు. టౌన్‌షిప్ ఎన్‌ఫోర్స్‌మెంట్ నోటీసు (ఉల్లంఘన ఆపమనే నోటీసు) ఇచ్చి, తర్వాత మెజిస్టీరియల్ డిస్ట్రిక్ట్ జడ్జి (స్థానిక చిన్న కోర్టు జడ్జి) ముందు గెలిస్తే, ఒక్కో ఉల్లంఘనకు 500 డాలర్ల దాకా జరిమానా, కోర్టు ఖర్చులు, టౌన్‌షిప్ లాయరు ఫీజు పడతాయి. సాధారణంగా ప్రతి రోజూ వేరే ఉల్లంఘన కిందే లెక్క.