హెచ్‌ఐవీ: దోమకాటు అపోహ పోయింది, మిగతావి అలాగే ఉన్నాయి

పులిరాజా గుర్తున్నాడా? రెండువేల దశకం మొదట్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఏ సెంటర్లో చూసినా ‘పులిరాజాకు ఎయిడ్స్ వస్తుందా?’ అని హోర్డింగులు ఉండేవి. అలాంటి ప్రచారాల పుణ్యమా అని దోమ కుడితే రాదు, ఒకే కంచంలో తింటే రాదు, షేక్‌హ్యాండ్ ఇస్తే రాదు అని ఇవాళ పదో తరగతి పిల్లలు కూడా చెప్తారు, కాబట్టి వాటి జోలికి వెళ్లను. నేను కౌన్సెలర్‌ని. సెక్స్ వర్కర్లు, హిజ్రాలు, మగవాళ్లతో సంబంధాలుండే మగవాళ్లు, సూదితో మత్తుమందు తీసుకునేవాళ్లు, లారీ డ్రైవర్లు, వలస కూలీలు, వీళ్ల మధ్యే నా పని. నాకు రోజూ అడ్డుపడే అపోహలు వేరే ఉన్నాయి. అవి ఎక్కువగా చదువుకున్నవాళ్ల నోటి నుంచే వస్తాయి, ఆఫీసర్ల నుంచి, అప్పుడప్పుడు డాక్టర్ల నుంచి కూడా.

అపోహ: ఇప్పుడు హెచ్‌ఐవీ ఎక్కడుందండీ, అయిపోయింది కదా!

హోర్డింగులు పోయాయి కదా అని జబ్బు కూడా పోయిందనుకుంటున్నారు. జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ లెక్క ప్రకారం దేశంలో 25 లక్షల మందికి పైగా హెచ్‌ఐవీతో బతుకుతున్నారు. పెద్దవాళ్లలో దేశ సగటు 0.2 శాతం ఉంటే ఆంధ్రప్రదేశ్‌లో 0.6 పైన, తెలంగాణలో 0.4 పైన ఉంది. శాతం చూస్తే మిజోరం, నాగాలాండ్, మణిపూర్ తర్వాత మన రెండు రాష్ట్రాల పేర్లే వస్తాయి. ఈ సగటు చూసి ‘ఒక శాతం కూడా లేదుగా’ అనేవాళ్లకి ఇంకో లెక్క చెప్తాను. 2021 సర్వేలో సెక్స్ వర్కర్లలో 2 శాతానికి దగ్గరగా, ట్రాన్స్‌జెండర్లలో 4 శాతానికి దగ్గరగా, సూదితో మత్తుమందు తీసుకునేవాళ్లలో 9 శాతం దాకా తేలింది. అంటే జబ్బు ఊరంతా సమానంగా లేదు, ఎవరికి ఆస్పత్రి గడప తొక్కడం కష్టమో వాళ్ల దగ్గరే పోగుపడింది.

కొత్త కేసులు మునుపటికంటే బాగా తగ్గిన మాట నిజమే, కానీ తగ్గింది అనగానే మొదట తగ్గేది డబ్బు. హైదరాబాద్ నారాయణగూడలో 2021లో ట్రాన్స్‌జెండర్ల కోసం మిత్ర్ క్లినిక్ తెరిచారు, దేశంలో అలాంటిది అదే మొదటిది, పనిచేసేవాళ్లలో కూడా ఎక్కువమంది ఆ సమాజం వాళ్లే. హెచ్‌ఐవీ పరీక్షకు రమ్మంటే రానివాళ్లు హార్మోన్ల గురించి డాక్టర్‌తో మాట్లాడొచ్చు అంటే వస్తారు, వచ్చాక పరీక్ష కూడా చేయించుకుంటారు. అలా నడిచిన క్లినిక్ 2025 మొదట్లో అమెరికా విదేశీ సాయం ఆపేయగానే మూతపడింది. తర్వాత టాటా ట్రస్ట్స్ సాయంతో సబ్‌రంగ్ అనే పేరుతో మళ్లీ తెరిచారు, సంతోషమే. అయితే మధ్యలో తలుపు మూసి ఉన్నప్పుడు వచ్చి వెనక్కి వెళ్లిపోయినవాళ్లని మళ్లీ పిలుచుకురావడం ఎంత పనో ఈ ఫీల్డ్‌లో ఉన్నవాళ్లకే తెలుసు.

అపోహ: కండోములు, సూదులు పంచితే తప్పుడు పనులు ఇంకా పెరుగుతాయి.

ఈ మాట ఎన్నిసార్లు విన్నానో. బ్యాగులో కండోములు దొరికితే పోలీసులు పట్టుకుంటారన్న భయంతో ఒకావిడ వాటిని పారేసి వెళ్లిందనుకోండి, ఆ రాత్రి కస్టమర్లు ఆగరు, ఆవిడ దగ్గర కండోము ఉండదు, జరిగేది అంతే. 2017 హెచ్‌ఐవీ-ఎయిడ్స్ చట్టం ఈ సంగతి ముందే ఆలోచించింది. 22వ సెక్షన్ ప్రకారం హెచ్‌ఐవీ సోకకుండా కండోములు, శుభ్రమైన సూదులు ఇవ్వడం గానీ వాడడం గానీ నేరం కాదు. చట్టం 2018 సెప్టెంబర్ 10 నుంచి అమల్లో ఉంది. అయినా మా పీర్ ఎడ్యుకేటర్లు, అంటే ఆ సమాజాల నుంచే వచ్చి తోటివాళ్లకి చెప్పేవాళ్లు, ఇప్పటికీ ఐడీ కార్డు మెడలో వేసుకోనిదే రాత్రిపూట ఫీల్డ్‌కి వెళ్లరు.

సూదుల విషయం ఇంకా తేలిక. వాడిన సూది తెచ్చిస్తే కొత్తది ఇస్తాం, దాంతో ఆ మనిషి మన కళ్లముందుకి వస్తాడు, వస్తే హెపటైటిస్-సి పరీక్ష చేయొచ్చు, పుండ్లు పడితే కట్టు కట్టొచ్చు, సిద్ధమైన రోజున సూది మత్తుమందుకి బదులుగా నాలుక కింద పెట్టుకునే బుప్రెనార్ఫిన్ మాత్రకి మార్చొచ్చు. తలుపు వేసేస్తే ఆ సూదే నలుగురి చేతులు మారుతుంది.

అపోహ: వాళ్లకి ఎంత చెప్పినా వినరు, ప్రాణం మీద తీపి లేదు.

నాకు బాగా కోపం తెప్పించేది ఇదే, అందుకే కాస్త ఎక్కువ రాస్తాను.

రాత్రంతా పనిచేసి తెల్లవారుజామున పడుకునే మనిషిని పొద్దున్నే ఓపీ చీటీ కోసం రమ్మంటాం. హిజ్రా వస్తే ఆడవాళ్ల లైన్లో నిలబడాలా మగవాళ్ల లైన్లో నిలబడాలా అన్న దగ్గరే గొడవ మొదలవుతుంది, వెనకాల నవ్వులు, సెక్యూరిటీ గార్డు అదిలింపు, ఇదంతా పరీక్ష గది దాకా వెళ్లకముందే. అద్దె ఇంట్లో పేరు చెప్పుకోలేనివాళ్లకి అడ్రస్ ప్రూఫ్ ఎక్కడిది? సెక్స్ వర్కర్లకి అడ్రస్ ప్రూఫ్ లేకపోయినా ఎయిడ్స్ నియంత్రణ సంస్థ అధికారి ఇచ్చే సర్టిఫికెట్‌తో ఆధార్ ఇవ్వాలని 2022 మేలో సుప్రీంకోర్టు చెప్పింది, ఇది తెలియని సెక్స్ వర్కర్లు చాలామంది ఉన్నారు, తెలియని ఉద్యోగులు ఇంకా ఎక్కువమంది ఉన్నారు. దీనికి తోడు రోజువారీ ఫైనాన్స్ అప్పు. కండోము లేకుండా అయితే డబుల్ ఇస్తానని కస్టమర్ అంటే, సాయంత్రం వాయిదా కట్టాల్సిన మనిషి ముందు మనం పెట్టే లెక్చర్ ఏ మూలకి?

బయటివాళ్లకి తట్టని విషయం ఇంకొకటుంది. కస్టమర్‌తో కండోము తప్పనిసరి అని పట్టుబట్టే ఆవిడే తన సొంత మనిషి దగ్గర వాడదు, వాడమంటే నా మీద అనుమానమా అంటాడని. ఆ మనిషి లారీ మీద తిరిగేవాడు కావొచ్చు, అతనికి ఇంకో ఊళ్లో పెళ్లాం ఉండొచ్చు, ఆవిడ మా ఏ లిస్టులోనూ ఉండదు, గర్భిణిగా ఏరియా ఆస్పత్రిలో పరీక్ష చేస్తేనే బయటపడుతుంది. కాబట్టి ‘వాళ్ల జబ్బు’ అని గిరి గీసి కూర్చునేవాళ్లు ఆ గిరి ఎక్కడ గీస్తారో నాకు అర్థం కాదు.

పైగా హాట్‌స్పాట్లు, అంటే మేం మనుషుల్ని వెతుక్కునే బేరాల అడ్డాలు, మారిపోయాయి. ఒకప్పుడు బస్టాండు వెనక సందు, హైవే దాబా, లాడ్జి అని మ్యాప్ గీసుకునేవాళ్లం. ఇప్పుడు బేరమంతా వాట్సాప్‌లో, యాప్‌లలో జరుగుతోంది, మనిషి ఇంట్లోనే ఉంటాడు, పాత మ్యాప్ పట్టుకుని బస్టాండులో నిలబడితే దొరికేది పాత మనుషులే. కాలేజీ కుర్రాళ్లు కొందరు నాతో ఫోన్‌లో చాటింగ్ చేస్తారు, పేరు కూడా చెప్పరు. వాళ్లకి మా ఆఫీసు బోర్డు చూస్తేనే టెన్షన్.

అపోహ: ఒంట్లో బాగానే ఉంది కదా, ఇప్పుడే మందులెందుకు? మొదలుపెడితే మొహం పీక్కుపోతుందట.

పీక్కుపోయేది, ఒకప్పుడు. 2004 ఏప్రిల్‌లో ప్రభుత్వం ఉచితంగా ఏఆర్‌టీ మందులు (హెచ్‌ఐవీని అణిచి ఉంచేవి) మొదలుపెట్టిన తొలి ఏళ్లలో స్టావుడిన్ అనే మందు ఉండేది, ఏళ్ల తరబడి వాడితే బుగ్గల్లో కొవ్వు కరిగి మొహం చూడగానే తెలిసిపోయేలా అయ్యేది, కాళ్లలో తిమ్మిర్లు వచ్చేవి. దాన్ని తీసేసి చాలా కాలమైంది. తర్వాత వచ్చిన ఎఫావిరెంజ్‌తో తల తిరగడం, పిచ్చి కలలు, అందుకే రాత్రి పడుకునే ముందు వేసుకోమనేవాళ్లం, రాత్రి డ్యూటీ వాళ్లకి అదో నరకం. ఇప్పుడిచ్చే టీఎల్‌డీ, మూడు మందులు కలిపినది, రోజుకి ఒక్క మాత్ర, ఏ టైమైనా ఫర్వాలేదు, రోజూ అదే టైముకి వేసుకుంటే చాలు. సీడీ4 (జబ్బులతో పోరాడే రక్తకణాల లెక్క) తగ్గేదాకా ఆగడం అనే పద్ధతి కూడా 2017లోనే పోయింది, పాజిటివ్ అని తేలితే ఎవరికైనా సరే మందులు మొదలుపెట్టాల్సిందే. ఆగితే ఏమవుతుందంటారా? టీబీ వస్తుంది. పాజిటివ్ వాళ్లని ఎక్కువగా పొట్టన పెట్టుకునేది ఇప్పటికీ టీబీయే.

అపోహ: మందులు వాడుతున్నా పక్కవాళ్లకి అంటుకుంటుంది.

మాత్ర సరిగ్గా వేసుకుంటూ, రక్తంలో వైరస్ ఎంతుందో చూసే వైరల్ లోడ్ పరీక్షలో వైరస్ కనిపించనంతగా తగ్గితే, సెక్స్ ద్వారా ఎదుటివాళ్లకి సోకదు. ‘తక్కువ సోకుతుంది’ అనడం లేదు, సోకదు అంటున్నాను. యూరప్‌లో ఒకరు పాజిటివ్, ఒకరు నెగటివ్‌గా ఉన్న జంటల మీద చేసిన పార్ట్‌నర్ అధ్యయనాల్లో, 2016లో ఒకసారి, 2019లో మరోసారి, ఇలా వైరస్ అణిగిన భాగస్వామి నుంచి సోకిన కేసు ఒక్కటీ దొరకలేదు. మాత్రలు ఆపేస్తే మాత్రం వైరస్ మళ్లీ లేస్తుంది. ఇది సెక్స్‌కి సంబంధించిన మాట, సూదులు పంచుకునేవాళ్లు దీన్ని తమకి అన్వయించుకోకూడదు. సిఫిలిస్, గనేరియాలకి కండోము ఎలాగూ కావాలి. ఇంత మంచి వార్త కొన్నిచోట్ల డాక్టర్లే పేషెంట్లకి చెప్పరు, చెప్తే కండోము మానేస్తారని భయం. నా అనుభవంలో ఈ మాట విన్నాకే జనం మాత్ర మానకుండా వేసుకుంటారు.

అపోహ: పాజిటివ్ తల్లికి పాజిటివ్ బిడ్డే.

ఏమీ చేయకపోతే 15 నుంచి 45 శాతం దాకా సోకే అవకాశం. తల్లి మందులు వాడి, బిడ్డకి పుట్టగానే సిరప్ మొదలుపెడితే 5 శాతం లోపే, అన్నీ సరిగ్గా జరిగితే ఇంకా తక్కువ. ఆరు వారాలకి బిడ్డ మడమ నుంచి రక్తపు చుక్కలు తీసి పరీక్షకి పంపుతారు, 18 నెలలకి ఖాయం చేస్తారు. తల్లిపాలు కూడా ఇవ్వొచ్చు, మందులు మానకూడదు.

అపోహ: తేడా జరిగాక చేసేదేమీ లేదు.

ఉంది, కానీ గడియారం చూసుకోవాలి. కండోము చిరిగినా, అత్యాచారం జరిగినా, సూది గుచ్చుకున్నా 72 గంటల్లోపు పెప్ మందులు (వైరస్ తగిలి ఉంటే సోకకుండా ఆపేవి) మొదలుపెట్టాలి, ఎంత తొందరగా అయితే అంత మంచిది, 28 రోజులు వాడాలి. ప్రభుత్వ పెద్దాస్పత్రి క్యాజువాలిటీలో అడగండి. సోకకుండా ముందుగానే రోజూ వేసుకునేది ప్రెప్, ఈ రెండింటినీ కలిపేయకండి. ప్రెప్‌లో కొత్తగా లెనకాపవిర్ అనే ఇంజెక్షన్ వచ్చింది, ఆరు నెలలకొకటి. 2024లో ఫలితాలు వచ్చిన ట్రయల్‌లో దక్షిణాఫ్రికా, ఉగాండాల్లో ఇది తీసుకున్న 2,134 మంది ఆడవాళ్లలో ఒక్కరికీ హెచ్‌ఐవీ సోకలేదు. దాని జనరిక్ తయారుచేసే లైసెన్సున్న ఆరు కంపెనీల్లో రెండు, హెటిరో, డాక్టర్ రెడ్డీస్, మన హైదరాబాద్‌వే. 2027 నుంచి ఏడాదికి 40 డాలర్లకి పేద, మధ్యాదాయ దేశాలకి ఇస్తామన్నారు. జీడిమెట్ల దగ్గర పెరిగిన పరిశ్రమ ఆఫ్రికాకి మందు పంపుతుంటే ఇక్కడ హైవే పక్కన నిలబడే మనిషికి ప్రెప్ అనే పేరు కూడా తెలియదు, అదే నా బాధ.

అపోహ: పరీక్ష చేయించుకుంటే ఊరంతా తెలిసిపోతుంది, ఉద్యోగం పోతుంది.

ఒప్పుకోలు లేకుండా పరీక్ష చేయకూడదు, ఫలితం బయటపెట్టకూడదు, ఉద్యోగానికి హెచ్‌ఐవీ పరీక్ష షరతుగా పెట్టకూడదు, ఇవన్నీ ఆ 2017 చట్టంలోనే ఉన్నాయి. 100 మంది, అంతకు మించి పనిచేసే చోట ఫిర్యాదుల అధికారి ఉండాలి. కేస్ షీట్ మీద ఎర్ర ఇంకుతో రాసి మంచానికి తగిలించడం, పాజిటివ్ అని ఆపరేషన్ తేదీలు జరుపుతూ పోవడం, ఇవి ఇంకా జరుగుతున్నాయి, జరిగితే ఈ చట్టం కింద ఫిర్యాదులు వినే రాష్ట్ర అంబుడ్స్‌మన్‌కి చెప్పుకోవచ్చు. గల్ఫ్‌కి వెళ్లేవాళ్ల సంగతి వేరు, అక్కడి వీసా మెడికల్‌లో హెచ్‌ఐవీ ఉంటే అన్‌ఫిట్ అంటారు, మన చట్టం అక్కడ చెల్లదు. అలా తిప్పి పంపించేస్తే కరీంనగర్‌కో కోనసీమకో చేరి, ఇంట్లో చెప్పుకోలేక మందులూ మొదలుపెట్టనివాళ్లు ఉన్నారు. అలాంటివాళ్లు మీకు తెలిస్తే ఏఆర్‌టీ సెంటర్ ఏ జిల్లాదైనా పర్లేదని చెప్పండి, సొంత ఊరు వద్దనుకుంటే పక్క జిల్లాలో చేరొచ్చు, పనికోసం ముంబయికో బెంగళూరుకో వెళ్తే ట్రాన్స్‌ఫర్ రాయించుకుని అక్కడ తీసుకోవచ్చు, నిలకడగా ఉన్నవాళ్లకి రెండు మూడు నెలల మాత్రలు ఒకేసారి ఇస్తారు. ఎక్కడికి వెళ్లాలో తెలియకపోతే 1097, టోల్‌ఫ్రీ, తెలుగులో మాట్లాడతారు.